పక్క గదిలో బ్రోకరు గొంతు

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని నేను. కర్నూలు హాస్టల్లో ఒకమ్మాయి జ్వరంతో పోయిందని ఎవరూ దిగని గదిని అడిగి మరీ తీసుకుని, చదువయ్యేదాకా అందులోనే హాయిగా నిద్రపోయాను. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం. మా ఆయనకు పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషీన్ షాపులో ఉద్యోగం. నేను ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి బిల్లింగ్ పని చేస్తాను. ఇల్లు వెతకడానికి తెలిసినవాళ్ళు మునిరాజు అనే బ్రోకర్ని పరిచయం చేశారు. యాభై దాటిన మనిషి. కాటన్‌పేటలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం.

మొదట చూపించిన ఇంట్లో, ఓనరు ఎదురుగా నీళ్ళ గురించి అడిగితే మునిరాజు పెదవి విప్పలేదు. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక మాత్రం, "వద్దులేమ్మా ఈ ఇల్లు. ఎండాకాలం వస్తే ట్యాంకరే గతి," అన్నాడు. చేతికొచ్చే కమీషన్ తానే వదులుకున్నాడని మా ఆయన మురిసిపోయాడు. అప్పట్నుంచి అతని మాటంటే మాకు గురి.

తర్వాత చూపించినది పీణ్య దగ్గర రెండో అంతస్తులో ఇల్లు. మంచి వెలుతురు. "ఈ ఇంట్లో ఏమైనా జరిగిందా అన్నా?" అని ఊరికే అడిగాను.

"లేదమ్మా. కట్టిన కాణ్ణించి నాకు తెలుసు. ఏమన్నా ఉంటే నీకు చెప్పనా?" అన్నాడు. చేరిపోయాం.

కొన్ని వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే పడగ్గదిలోంచి మునిరాజు గొంతు వినిపించింది. "కిటికీ తెరిస్తే గాలి బాగా వస్తాది సార్. కబోర్డు కూడా ఉండాది." ఎవరికో ఇల్లు చూపిస్తున్నట్టు. చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి ఎవరూ లేరు.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. మారు తాళంచెవి దగ్గర పెట్టుకుని, మేముండగానే ఇంకొకరికి ఇల్లు చూపిస్తున్నాడనుకున్నాను. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అడిగేశాను.

"నేను ఆ పక్కకే రాలేదమ్మా. ఉన్న కీస్ అన్నీ మీకే ఇచ్చేసినా," అన్నాడు. నమ్మలేదు. మా ఆయన ఆ సాయంత్రమే తాళం మార్పించాడు. అప్పటినుంచి ఒక్కదాన్నే ఉంటే తలుపుకు లోపల గడియ కూడా పెట్టుకునేదాన్ని.

మళ్ళీ వినిపించినప్పుడూ పట్టపగలే. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పడగ్గదిలో అదే గొంతు. దొంగ దొరికాడనుకుని, కదలకుండా ఫోన్ తీసి అతని నంబరు నొక్కాను. పడగ్గదిలో ఫోను మోగుతుందని చెవులు రిక్కించాను. మోగలేదు. నా చెవిలో మాత్రం, బస్సు హారన్ల మధ్య, "చెప్పమ్మా" అన్నాడు మునిరాజు.

పడగ్గదిలో మునిరాజు మాట్లాడుతూనే ఉన్నాడు.

ఫోన్‌ను ఆ గొంతు వస్తున్న వైపు చాపాను. గొంతు హాల్లోకి వచ్చింది. నేను నిలబడ్డ చోటినుంచి హాలంతా కనిపిస్తోంది. నా కుర్చీ, లాప్‌టాప్, తలుపుకు వేసిన గడియ. మనిషి లేడు. అవతలివాళ్ళు అడిగేది కూడా వినపడదు. ఆగి, విని, జవాబు చెబుతున్నట్టుంది.

"ముందు ఉండినోళ్ళా సార్? మొగుడూ పెళ్ళాం. తెలుగోళ్ళే. ఆయప్పకు పీణ్యలో పని."

అవతల ఇంకేదో అడిగినట్టున్నారు.

"ఛ ఛ, ఈ ఇంట్లో ఏం జరగలేదు సార్. ఆయమ్మకు ఒళ్ళు బాగలేక ఊరికి పోయినారు. అంతే."

చెబుతున్నది మా గురించే. నాకు ఏ జబ్బూ లేదు. కానీ ఆ "అంతే" అన్న తీరు వింటే, ఏదో దాస్తున్నాడని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

"రాండి, వంటిల్లు చూద్దురు," అంటూ గొంతు నా వైపు వచ్చింది.

ఫోనులో మునిరాజు అరిచాడు. "అమ్మా, అది నా గొంతే! బయటికి రా! ఫోన్ పెట్టద్దు, వచ్చేయ్!"

బయటకు పోవాలంటే ఆ హాలు దాటాలి. గోడను ఆనుకుని పరిగెత్తాను. నేను దాటుతుంటే, దారి ఇచ్చినట్టు, ఆ మాట ఆగిపోయింది. గడియ ఒక పట్టాన రాలేదు. అంతసేపూ వెనక ఎవరో ఓపిగ్గా ఎదురుచూస్తున్నట్టే అనిపించింది.

మునిరాజు స్కూటర్ మీద వచ్చేసరికి చెప్పులైనా లేకుండా వీధిలో నిలబడి ఉన్నాను. మా ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి పైకి వెళ్ళి, మాడిపోయిన పప్పు దించి వచ్చారు. వాళ్ళకేమీ వినపడలేదు. నేను మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మునిరాజే తిరిగి వేరే ఇల్లు వెతికిపెట్టి, సామాను దగ్గరుండి దింపించాడు. ఆ రోజు అతన్ని అడిగాను. "అన్నా, నాకు నిజంగానే ఏమన్నా అయ్యుంటే, తర్వాత వచ్చినవాళ్ళకు నువ్వు అట్లాగే చెప్పేవాడివా?"

కాదంటాడనుకున్నాను.

"ఓనరు ఎదురుగా నిలబడుకోని ఉంటే, అట్లాగే చెప్పేవాణ్ణేమోమ్మా," అన్నాడు. "మెట్లు దిగినంకైనా నిజం చెప్తానో లేదో, ఇప్పుడు నాకే తెలీకుండా పోయింది."

ఆ ఇల్లు అతను మళ్ళీ ఎవరికీ చూపించలేదు. డాక్టరు నన్ను పరీక్షించి ఏ లోపమూ లేదన్నారు. అయినా కాస్త జ్వరం తగిలినప్పుడు, నాలుగు రోజులు ఊరికి వెళ్ళిరమ్మని మా ఆయన అంటే నాకు చెమటలు పడతాయి. ఆ మధ్యాహ్నం నేను విన్నదేమిటో, అది ఎవరికి ఇల్లు చూపించిందో, ఈ రోజుకీ నాకు అంతుపట్టదు.

మొన్న బస్సులో అటు వెళ్తుంటే ఆ బాల్కనీలో పసిపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. వేరే బ్రోకరెవరో చూపించి ఉంటాడు. ముందు ఎవరుండేవారని వాళ్ళు అడిగే ఉంటారు.