కోరుకునే వంతు బాబాయిది

మా వైపు అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. తనకు ఏది మిగులుతుందో వేసేవాడికి తెలియదు కాబట్టి సమానంగా వేస్తాడని నమ్మకం. కోర్టులూ ప్లీడర్లూ అక్కర్లేని న్యాయమని మా పెద్దలు గొప్పగా చెప్పుకునేవారు. ఆ న్యాయంతోనే మా నాన్నగారిని ముంచారు. నలభై ఏళ్ల తర్వాత అదే న్యాయంతో నేను బదులు తీర్చుకున్నాను. ఇది పశ్చాత్తాపంతో రాస్తున్నది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవారు చివర్లో దానికోసం వెతుక్కోనక్కర్లేదు.

రేపల్లె పక్కన కాలువ మొదట్లో మాకు పన్నెండెకరాల మాగాణి ఉండేది. తెనాలిలో ఒక మేడ, సముద్రం వైపు ఉప్పుతేలిన మూడెకరాల నేల కూడా ఉండేవి. తాతగారు పోయిన మరుసటి ఏడు పంపకాలు పెట్టుకున్నారు. వారసులు ఇద్దరే, మా నాన్నగారు, ఆయన తమ్ముడు. నాన్నగారు మొదట ప్రతి చెక్కనూ సగానికి సగం చేసి, మేడని కూడా మెట్ల దగ్గర రెండుగా విడదీసి కాగితం రాశారు. నేను అప్పుడు తెనాలిలో ఇంటర్ చదువుతున్నాను. ఆ కాగితానికి శుభ్రమైన నకలు రాసింది నేనే.

పంపకాలకు ముందురోజు సాయంత్రం బాబాయి మేడకి వచ్చాడు. వరండాలో నాన్నగారి పక్కన కూర్చుని ఆ కాగితం చదివి మడిచి పెట్టాడు.

"అన్నయ్యా, ఆ బురదలో దిగడం నావల్ల కాదు. మా పిల్లాడి చదువు ఎటూ తెనాల్లోనే. నాకీ మేడ చాలు. నాన్న కష్టపడి కలిపిన పొలం, ముక్కలు చెయ్యొద్దు. నీ చేతికిందే ఉండనీ."

నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ మాటలు విన్నాను. బాబాయి వెళ్లిన వెంటనే నాన్నగారు పాత కాగితం చింపి కొత్తది రాయించారు. మాగాణి అంతా ఒక వాటా, మేడా ఉప్పు నేలా రెండో వాటా. రెండోది తక్కువ కదా అని అమ్మ అడిగింది. వాడికి కావలసింది అదే అన్నారు. పైగా ఏటా వాళ్లింటికి సరిపడా బియ్యం మనమే పంపుతామన్నారు. ఆ మాట కాగితంలో రాయలేదు. తమ్ముడికి పెట్టే అన్నం కాగితం మీద రాసుకోవడం ఆయనకు చిన్నతనంగా తోచింది.

మర్నాడు రేపల్లెలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. నాన్నగారు రెండు కాగితాలు చాప మీద పెట్టి తమ్ముణ్ణి కోరుకోమన్నారు. బాబాయి వంగి పొలం కాగితం తీసుకున్నాడు. తడుముకోలేదు, నాన్నగారి వైపు చూడనూ లేదు.

తర్వాత పెద్దమనుషుల్లో ఒకాయన, ఊరి బడిలో మాస్టారు, రెండో కాగితం చేతిలోకి తీసుకుని చదివి నవ్వాడు.

"ఏంటయ్యా పెద్దోడా, నువ్వేసిన వాటా నీకే మింగుడు పడట్లేదా?"

మిగతావాళ్లూ నవ్వారు. నాన్నగారు సంతకం పెట్టి లేచారు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను, నిన్న సాయంత్రం బాబాయి అన్న మాట అక్కడ ఎందుకు చెప్పలేదని.

"చెప్తే వాడు అనలేదంటాడు. అప్పుడు మోసం చేసినవాణ్ణీ నేనే, అబద్ధం ఆడినవాణ్ణీ నేనే అవుతాను. ఇప్పుడు ఒకటే కదరా."

ఆ ఒకటి చాలింది. అన్న తమ్ముణ్ణి ముంచబోయాడు, తమ్ముడు తెలివిగా తప్పించుకున్నాడు అని రేపల్లె బజారంతా చెప్పుకున్నారు. పెళ్లిళ్లలో నాన్నగారు పంక్తిలో కూర్చుంటే, మాస్టారి మాటని మెల్లగా ఒకరికొకరు అందించుకునేవాళ్లు. ఉప్పు నేలలో ఏమీ పండలేదు. మేడ నాలుగేళ్లకి అమ్మేశాం. నాన్నగారు తెనాలిలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా చేరి, ఇస్త్రీ పంచె కట్టుకుని, వీపు కుర్చీకి ఆనించకుండా ఇరవై రెండేళ్లు పనిచేశారు. పోయేముందు కూడా తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. ఎదురు చెప్పలేక ఊరుకున్నాడనుకున్నారు అందరూ. అది ఆయన ఎంచుకున్న దారి అని ఎవరికీ తట్టలేదు. మనిషి అరిస్తేనో తిరగబడితేనో నిర్ణయం తీసుకున్నాడంటారు. నోరు మూసుకుని ఇరవై రెండేళ్లు రోజూ అదే నిర్ణయం మళ్లీ తీసుకున్నవాణ్ణి మాత్రం చేతకానివాడంటారు.

నేను ఆయనంత గొప్పవాణ్ణి కాదు. పంపకాల రోజు వరకు బాబాయిని 'నువ్వు' అనేవాణ్ణి. ఆ రోజు నుంచి 'మీరు' అన్నాను. మొదట్లో ఆయన నవ్వి, పెద్దవాడివయ్యావురా అన్నాడు. కొన్నేళ్లకి అర్థమైంది, నవ్వడం మానేశాడు.

ఇక బాపట్ల స్థలం సంగతి. అది మా నాయనమ్మకు పుట్టింటివారిచ్చింది, పంపకాల్లో కలవలేదు. ఊరి చివర ముళ్లకంపలో ఉన్నన్నాళ్లు బాబాయి దాని ఊసెత్తలేదు. ఈమధ్య దాని ముందు రోడ్డు వెడల్పయింది, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. పళ్ల డాక్టరైన బాబాయి కొడుకు అక్కడ క్లినిక్ కట్టాలనుకున్నాడు. పంపకం కానిదే ప్లాను పాసు కాదు. నాన్నగారు లేరు కాబట్టి పెద్దవాడి తరఫు నేనే. నేనూ బాపట్లలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పద్ధతి ప్రకారం వాటాలు నన్ను వేయమని బాబాయి తనే కబురు పంపాడు.

నెలరోజులు తీసుకున్నాను. అబద్ధం ఎందుకు, మొదటి వారం ఆయన్ని ముంచే వాటాలే వేశాను. ఒక దాంట్లో ఆశపెట్టేది, దాని వెనక దెబ్బ. కాగితాల మీద కాగితాలు నింపాను. రాసినకొద్దీ ఒక సంగతి తెలిసింది, నేను వేసేవన్నీ ఆయన ఇట్టే కనిపెడతాడు. మోసం ఆయనకు అలవాటైన ఇల్లు, చీకట్లో కూడా తడబడకుండా నడుస్తాడు. ఆయనకు తెలియని చోటు ఒక్కటే ఉంది. అందుకని అన్నీ చింపేసి, స్థలాన్ని నిక్కచ్చిగా సమానంగా విడదీశాను. రెండూ తూర్పు ముఖమే. రోడ్డు వైపు ఇద్దరికీ ఒకే కొలత. కొబ్బరిచెట్లు ఉత్తరాన రెండు, దక్షిణాన రెండు. పాత బావి అడ్డొస్తే నా ఖర్చుతో పూడ్పించాను. ఆ గీత ఎటువైపు అంగుళం జరిగినా అన్యాయమే అయ్యేలా గీశాను.

బాబాయి కొడుకుతో వచ్చాడు. రెండు కాగితాలూ ముందు పెట్టాను.

"రెండూ సమానం బాబాయ్. మీరు ఏది తీసుకున్నా నాకు ఇష్టమే."

ఆయన కాగితాలు చూడలేదు, నా ముఖం చూశాడు. ఆలోచించి చెప్తానన్నాడు.

ఆ ఆలోచన ఐదు నెలలు సాగింది. తెనాలి నుంచి సర్వేయరుని తెచ్చాడు, కొలతలు సరిగ్గా ఉన్నాయన్నాడు. చీరాల నుంచి వాస్తు సిద్ధాంతిని తెచ్చాడు, ఉత్తరం ముక్క మేలన్నాడు. సిద్ధాంతి అలా అంటాడని నాకు ముందే తెలిసుంటుంది కాబట్టి ఉత్తరంలోనే ఏదో మోసం ఉందని బాబాయి ఇంట్లో అన్నాడట. రెండు వైపులా గోతులు తీయించి మట్టి చూశాడు. నేను స్థలానికి వచ్చినప్పుడు ఎటు నిలబడతానో ఎదురింటివాళ్లని అడిగాడు. ఆ సంగతి తెలిశాక వారానికి రెండుసార్లు పొద్దున్నే అక్కడికి నడక పెట్టుకున్నాను. మంగళవారం ఉత్తరం వైపు చాలాసేపు నిలబడేవాణ్ణి. శుక్రవారం దక్షిణం వైపు కొబ్బరిచెట్టు నీడన నిలబడి, తలూపుకుంటూ తిరిగి వచ్చేవాణ్ణి. నా జీవితంలో అంత హాయైన నడకలు మరి లేవు.

కొడుకు విసిగిపోయాడు. చీటీలు వేద్దామంటే బాబాయి ఒప్పుకోలేదట, చీటీ నేను రాస్తే ఎలా, తను రాస్తే దేవుడేం తీస్తాడో అని. కోరుకునే హక్కు ఆయన చేతిలోనే ఉంది, ఎవరూ అడ్డుపడలేదు. అయినా చెయ్యి సాచలేకపోయాడు. తను ఒకప్పుడు ఏం చేశాడో అదే ఎదుటివాడూ చేస్తాడని తప్ప ఇంకోలా ఆలోచించే దారి ఆయనకు లేదు. ఆ దారి మూసుకున్నది ఆయనే, రేపల్లెలో చాప ముందు వంగిన రోజున.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. మంచినీళ్లు ఇచ్చాను.

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. నీకేది కావాలో ఒక్క మాట చెప్పు."

"చెప్తాను బాబాయ్. ముందు మీరొక మాట చెప్పాలి. పంపకాలకు ముందురోజు మేడ వరండాలో మా నాన్నగారితో మీరన్న మాట. నాకు కాదు, రేపల్లెలో మాస్టారికి. మీ అబ్బాయి కూడా అక్కడుండాలి."

"ఎప్పటి మాటలురా అవి?"

"మీకు గుర్తులేకపోతే నేను రాసిస్తాను, చదవండి."

"లేకపోతే చెప్పవా?"

"మీ ఇష్టం. నా బలవంతం ఏమీ లేదు."

ఆయన గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను, రాకపోయినా నాకు బాధ లేదు. నా దగ్గర నడకకి మంగళవారాలూ శుక్రవారాలూ చాలా ఉన్నాయి. తొమ్మిదో రోజున కొడుకు చేత ఫోన్ చేయించి రేపల్లె రమ్మన్నాడు.

ఆనాటి పెద్దమనుషుల్లో మాస్టారు ఒక్కరే మిగిలారు. తొంభైకి దగ్గరపడ్డారు. నడవలేరు గాని, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఆయన మంచం ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బాబాయి కూర్చోలేదు. నేల చూస్తూ చెప్పాడు, ముందురోజు తనే మేడ కావాలన్నాడని, పొలం ముక్కలు చెయ్యొద్దన్నది తనేనని, అన్న మొదట రాసిన కాగితంలో అంతా సగం సగమేనని. కొడుకు తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, తల తిప్పి కిటికీ బయటకు చూశాడు.

మాస్టారు చాలాసేపు దుప్పటి అంచు సర్దుకున్నారు.

"అయితే ఆ రోజు నేనన్న మాట తప్పేనయ్యా," అన్నారు నాతో.

"ఆ మాట మీరు బజారుకి చెప్పారు మాస్టారూ. ఇదీ అక్కడే చెప్పండి."

ఆయన తలూపారు. అప్పుడు బాబాయి నా వైపు తిరిగాడు. నువ్వన్నట్టే చేశాను, ఇప్పుడు చెప్పు, నీకు ఏది కావాలి అన్నాడు. నలుగురి ముందు మాట తప్పడం మా ఇంట్లో లేదు. వెంట తెచ్చిన కాగితాలు రెండూ మంచం మీద పెట్టి, నిజమే చెప్పాను.

"రెండూ సమానమే బాబాయ్. నాకు ఏదైనా ఒకటే. ఇది మొదటి రోజే చెప్పాను."

ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. తన పరువంతా పెట్టి కొనుక్కున్నది, ఐదు నెలల కిందట ఊరికే తన ముందు పెట్టిన మాటేనని ఆయనకు మెల్లగా అర్థమైంది. అప్పుడైనా నమ్మాడా అంటే, నమ్మలేదు. దక్షిణం కాగితం మీద వేలు పెట్టి, తీసి, ఉత్తరం మీద పెట్టి, మళ్లీ తీయబోయాడు. కొడుకు తండ్రి మణికట్టు పట్టుకుని అక్కడే నొక్కి, "చాలు నాన్నా," అన్నాడు. నేను రెండో కాగితం మీద సంతకం పెట్టాను. సంతకాలవుతున్నంతసేపు బాబాయి చూసింది నా కాగితాన్నే.

మాస్టారు మాట నిలబెట్టుకున్నారో లేదో వాకబు చేశాను. నిలబెట్టుకున్నారు. మనవడు ఆటో ఎక్కిస్తే బజారుకి వెళ్లి, టీ కొట్టు ముందు దిగకుండానే చెప్పారట. వినాల్సిన వాళ్లలో సగంమంది బతికి లేరు. కొత్తవాళ్లు, ఎవరండీ ఆ పెద్దాయన అని అడిగారట. మాస్టారు మా నాన్నగారి పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, మొదటి నుంచీ చెప్పుకొచ్చారట. రెండోసారి అడిగినవాళ్లకి రెండోసారి చెప్పారట. బాబాయి ఈమధ్య బజారు వైపు రావడం లేదని తెలిసింది. రమ్మని గాని, రావద్దని గాని నేను ఆయనకు కబురు పంపలేదు.