బిగించని బోల్టులు

"భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పలేనప్పుడు నీకు జీతం దేనికే?" అని భూకంపాల ఆఫీసులో పనిచేసే మేనకోడల్ని మేనత్త ఓసారి మొహం మీదే అడిగింది. మేనకోడలు బల్ల మీది కాఫీ కప్పును చిటికెన వేలితో నెట్టింది. కప్పు కాసేపు మొరాయించి, చటుక్కున జారింది. "నేల కింద రాళ్లూ ఇంతే అత్తయ్యా. ఎంత మొరాయించాయి, ఎంత జారాక పట్టు సడలింది, అదే నా లెక్క." "కప్పు పగిలితే కొనేది నేను," అంది అత్త. ఆఫీసులో ఈ మేనకోడల్ని జారుడక్క అంటారు. కుర్చీ, స్టేప్లరు, పక్కవాడి టిఫిను డబ్బా, ఏది కనబడినా నెట్టి చూస్తుంది.

ఆమధ్య భూమి పగులు పక్కనే పెట్టిన యంత్రం ఒక భూకంపాన్ని గీతగా గీసింది. నెల్లాళ్లు లెక్కిస్తే అక్కడి రాళ్లు సబ్బుబిళ్లలంత నున్నగా తేలాయి. ఆ లెక్కతో రాసి పంపిన వ్యాసం అచ్చయితే ప్రమోషన్ ఖాయం. కానీ ఆ గీత మొదటి చోటికి తిరిగి రాకుండా చటుక్కున పక్కకి జారి ఆగిన తీరు చూస్తే ఆమెకు అత్త కప్పే గుర్తొచ్చింది. యంత్రం పెట్టొచ్చిన మెకానిక్‌ని పట్టుకుంది. "బోల్టులు బిగించావా తమ్ముడూ?" "బిగించా, వెయ్యి రూపాయల పందెం అక్కా!" ఇద్దరూ వెళ్లి చూస్తే యంత్రం గచ్చు మీద జానెడు జరిగి కూర్చుంది. బోల్టులు పక్కనే సంచిలో ఉన్నాయి, కట్టిన మూతి కట్టినట్టే. "అయితే నెల్లాళ్లూ నేను కొలిచింది ఈ గచ్చు నునుపన్నమాట!" సత్యం గిత్యం అంటూ ఉపన్యాసమివ్వకుండా కడుపు పట్టుకుని నవ్వింది. వ్యాసం వెనక్కి తీసుకుంది. ప్రమోషన్ జారిపోయింది. మెకానిక్ మాత్రం మొరాయిస్తున్నాడు. వెయ్యి ఇంకా బాకీ.