నీళ్లకిచ్చిన మొదటి బహుమతి

నా టమాటలకు రావలసిన మొదటి బహుమతిని నీళ్లకిచ్చారు. ఇది అన్యాయం. ఇన్నేళ్లయినా అన్యాయమే.

ఆ రోజుల్లో అచ్చయిన మాట ఏదైనా నాకు వేదమే (బడి మధ్యలో మానేసినవాడికి ఆ పిచ్చి కాస్త ఎక్కువే). కాయ పండే వేళకు నీళ్లు కొంచెం తగ్గించి, యూరియా మితంగా వేస్తే టమాటలో తీపి, విటమిన్ సి పెరుగుతాయని నర్సింహులపేటలో దొరికిన ఒక చిన్న పుస్తకంలో చదివాను. 'కొంచెం' అన్న మాట దగ్గర నా కన్ను ఆగలేదు. నాలుగు సాళ్లకు నీళ్లు పూర్తిగా బందు పెట్టి, యూరియాకు బదులు పొయ్యిలోని బూడిద చల్లాను. మా బాపు గట్టు మీద నిలబడి చూసి, "ఎండబెట్టి పండిస్తవారా? సరే, కేసముద్రం టమాటల పోటీల గెలిస్తే ఈ మడి నీది. లేకుంటే తెల్లారి సంది మార్కెట్ల బస్తాలు మొయ్యి" అన్నాడు.

పోటీలో నావి రేగుపండ్లంత. పక్క గంపలో రోజూ నీళ్లు తాగి, యూరియా మేసినవి పిడికిలి కంటే పెద్దవి. పోటీకొచ్చిన వ్యవసాయ అధికారి వాటినే కాటా మీద పెట్టాడు.

"కోసి సూడుండ్రి సారు, గా పెద్దవాటిల ఒట్టి నీళ్లే! మాయి చిన్నయే గని బలమున్నయి."

"బలం కాటాకు తూగదు తమ్మీ" అంటూ నా పండొకటి తిరగేశాడు. అడుగున నల్లటి మచ్చ. "మరి ఇదేంటి?"

"గది... ఎండ సారు."

ఓడి వచ్చి ఇంట్లో నేను చిందులు తొక్కుతుంటే అవ్వ (అమ్మను మేమలాగే పిలుస్తాం) మెల్లగా అంది: "మొక్కలు దూపతోని వాడుతుంటే పానం ఆగలే బిడ్డా. అప్పుడప్పుడు బియ్యం కడిగిన నీళ్లు పోసిన."

"ఏ సాలుకే అవ్వా?"

"ఏది వాడితే గదానికి. నాకేం యాది?"

మరి నేను వాదించింది ఏ టమాటల తరఫున? తెలియదు. అయినా పగలు బస్తాలు మోస్తూ, సాయంత్రాలు ఆ బహుమతి నాదేనని వ్యవసాయ కార్యాలయానికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను (అవ్వ నీళ్ల సంగతి మాత్రం ఏ ఉత్తరంలోనూ లేదు). జుట్టు నెరిసినా మానలేదు. మొన్న ఎవరో కొత్త అధికారి జవాబు రాశాడు. చదువుతుంటే బస్తాలు మోసిన ఆనాటి పిల్లగాడి వీపు తట్టాలనిపించింది, చెవి కూడా మెలిపెట్టాలనిపించింది.

"అయ్యా, నీరు కొంత తగ్గిస్తే టమాటలో సారం పెరగవచ్చు, మీ వాదనలో నిజముంది. బహుమతి సంగతి తేల్చడానికి, ఏ సాలుకు ఎప్పుడు ఎన్ని నీళ్లు పోశారో రాసి పంపగలరు."