కెప్టెన్‌ను దించని కోచ్

ఫిబ్రవరి, గురువారం. సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత ఆట.

హాజరైనవారు: రష్యా నుంచి వచ్చిన కోచ్, కెప్టెన్, క్లబ్బు ప్రెసిడెంటు, బస్సు డ్రైవరు, నేను. మిగతా ఆటగాళ్ళూ జనమూ మామూలే.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోవడం, ఇక్కడే బహ్రెయిన్‌లో, సిత్రాలో ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేసిన రోజుల అలవాటు. అక్కడ రిటైరయ్యాక ఈ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు పిలిచి సామాన్ గది అప్పగించారు. జెర్సీలు, బూట్లు, బంతులు ఇవ్వడం, మళ్ళీ తీసుకోవడం, ఉతికించడం నా పని.

ఆ మధ్యాహ్నం ప్రెసిడెంటు వచ్చి, కోచ్‌ను తన గదికి కూడా పిలవకుండా, నా ఎదుటే, జెర్సీల మధ్య నిలబడి చెప్పాడు.

"ఇవాళ ఓడితే రేపటి నుంచి నువ్వుండవు."

కోచ్ తల ఊపాడు. ఈ క్లబ్బు పోతే ఆయనను పిలిచేవాళ్ళు ఇంకెక్కడా లేరని ముగ్గురికీ తెలుసు.

డ్రైవరుది జగిత్యాల వైపు. ప్రెసిడెంటు కారు కదలగానే లోపలికి వచ్చాడు.

"పెసిడెంటు ఏమంటుండు, పెద్దసార్? రష్యాసారు నౌకరీ ఉంటదా, పోతదా?"

"గెలిస్తే ఉంటుందోయ్."

"గీ టీము గెలుసుడా! పందెం పెడితే నా బస్సన్న గెలుస్తది."

కోచ్ కథ నాకు తెలిసింది అంతకు రెండు రోజుల ముందు. ప్రాక్టీసులో ఆయన తానే మైదానంలోకి దిగి, ఎదురొచ్చే వాడి కాళ్ళ దగ్గర బంతిని ఎలా లాక్కోవాలో చూపించబోయాడు. బంతి కెప్టెన్ దగ్గరుంది. కెప్టెన్ ఇక్కడివాడే, కోచ్ ఒకప్పుడు ఆడినట్టే డిఫెండరు, మోకాలు అరిగినవాడు. అతడు బంతిని కోచ్ కాళ్ళ సందులోంచి పంపి, వెనక్కి తిరిగి అందుకున్నాడు. కోచ్ చతికిలపడ్డాడు. అందరూ నవ్వారు. బస్సు మెట్టు మీద కూర్చున్న మా డ్రైవరు నవ్వు అన్నిటికన్నా పైకి వినిపించింది.

"ఖలాస్, కోచ్" అన్నాడు కెప్టెన్. "నీ పని ఖలాస్."

ఆ సాయంత్రం కోచ్ సామాన్ గదికి వచ్చి బంతుల సంచీ మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. మోకాలి మీద ఐసు పెట్టుకుని, ముక్కలు ముక్కల ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు.

వాళ్ళ ఊళ్ళో చలికాలమంతా నది గడ్డకట్టి ఉంటుందట. తండ్రిది ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని. ఫ్యాక్టరీ టీములో డిఫెండరుగా మొదలై, పెద్ద నగరపు క్లబ్బుకు వెళ్ళాడు. దేశం జెర్సీ కూడా కొన్నిసార్లు వేసుకున్నాడు. వయసు మీద పడ్డాక ఒక ఆటలో కాలు పట్టేసింది. దించమని చెయ్యి ఎత్తాడు. వాళ్ళ కోచ్ చూసి కూడా దించలేదు. కుర్రాళ్ళు బంతి తీసుకుని పక్కనుంచి వెళ్ళిపోతుంటే చివరిదాకా కుంటుతూ వెంటపడ్డాడు. స్టేడియమంతా ఈలలు వేసింది. మన దగ్గర ఈల మెచ్చుకోలు. వాళ్ళ దగ్గర అంతకు మించిన తిట్టు లేదట.

"కింద కూర్చుంటే దించేవాళ్ళు కదా?" అన్నాను.

"డిఫెండరు కూర్చోడు, ఫ్రెండ్" అన్నాడు.

మరి ఆ కోచ్‌ను ఏం చేశావని అడిగాను. మరుసటి ఏడు ఆయన కిందే అసిస్టెంటుగా చేరానని చెప్పాడు. ఆయనే నిజమైన కోచ్ అన్నాడు. తరువాత సొంతంగా టీములు తీసుకున్నాడు. మొదటిది పెద్దది, ఆ తరువాతిది దానికన్నా చిన్నది, ఆ తరువాతిది ఇంకా చిన్నది. ఒకచోట తనను తీసేసిన సంగతి హోటల్లో టీవీ చూసి తెలుసుకున్నాడు. అలా దిగుతూ దిగుతూ బహ్రెయిన్ దాకా వచ్చాడు. చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో బాధ కనిపించలేదు. ఐసు కరిగి నేలంతా తడైంది. లేచి వెళ్ళిపోయాడు.

గురువారం ఆటకు ముందు కెప్టెన్ మోకాలికి పట్టీ వేయించుకుంటూ అన్నాడు: "సగం ఆట ఆడతాను. అంతకు మించి నా వల్ల కాదు." కోచ్ సరేనన్నాడు. అతని బదులు దిగాల్సిన వాడి జెర్సీ సిద్ధంగా ఉంచమని నాతో చెప్పాడు.

మొదటి సగంలో మావాళ్ళే ఒక గోల్ వేశారు. డ్రైవరు నా వెనక రెయిలింగు పట్టుకుని గెంతాడు. విరామంలో కెప్టెన్ పట్టీ విప్పబోయాడు.

"విప్పకు. ఆడుతున్నావు" అన్నాడు కోచ్.

"మాట ఇచ్చావు."

"నేనేగా ఖలాస్. నువ్వు కాదుగా. ఆడు."

కెప్టెన్ పట్టీ మళ్ళీ బిగించుకుని బయటికి నడిచాడు.

అవతలి టీము వాళ్ళకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కుడివైపు బక్కపలచటి కుర్రాణ్ణి కెప్టెన్ మీదికి తోలారు. కుర్రాడు దూసుకుపోయి గోల్ వేశాడు. స్కోరు సమమైంది. కెప్టెన్ బెంచి వైపు చెయ్యి ఎత్తాడు. బదులు ఆటగాడు అప్పటికే ఒళ్ళు వేడెక్కించుకుని నా చేతిలోని జెర్సీ కోసం వచ్చాడు.

"కూర్చో" అన్నాడు కోచ్.

జెర్సీ నా చేతిలోనే ఉండిపోయింది. కుర్రాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ దాటాడు. ఈసారి దాటే ముందు ఆగి, కెప్టెన్ దగ్గరికి వచ్చేదాకా చూసి, అప్పుడు దాటాడు. గోల్ పడింది. జనంలోంచి సొంత ఊరివాడే ఒకడు అరిచాడు: "తాతకు కుర్చీ వెయ్యండ్రా!" స్టాండంతా నవ్వింది.

"పెద్దసార్, కెప్టెన్ కింద కూసుంటె అయిపాయె గద! ఎందుకు కూసుంటలేడు?"

"కూర్చోడోయ్."

"మరి ఈనేంది? అవుతల ఈన నౌకరీ పోతున్నది గద! దించడేంది?"

కోచ్ చేతులు కట్టుకుని గీత దగ్గర నిలబడి ఉన్నాడు. బంతిని చూడడం లేదు. కెప్టెన్‌నే చూస్తున్నాడు. కెప్టెన్ కూడా ఇక చెయ్యి ఎత్తలేదు. కాలు ఈడ్చుకుంటూ, కోచ్‌ను చూస్తూనే వెనక్కి పరుగెత్తాడు. మూడో గోల్ కూడా అటువైపు నుంచే పడింది. ప్రెసిడెంటు ఆట ముగియక ముందే లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు శుక్రవారం, ఇక్కడ సెలవు. ఉదయం చర్చిలో మా తెలుగు ఆరాధనకు బయలుదేరుతుంటే క్లబ్బు నుంచి ఫోన్ వచ్చింది. కొత్త కోచ్ ప్రాక్టీసు పెట్టాడు, వెంటనే రమ్మన్నారు.

వెళ్ళేసరికి కోచ్ గదిలో కుర్చీ మీద కెప్టెన్ ఉన్నాడు. చంకకర్ర గోడకు ఆనించి ఉంది. మిగిలిన ఆటలకు అతణ్ణే కోచ్‌గా పెట్టారు. రష్యా ఆయన తన క్లబ్బు బట్టలు మడిచి ఎదురుగా నిలబడి ఉన్నాడు. గదిలో ఇంకో కుర్చీ ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అన్నీ వచ్చాయా, బాబా?" అని కెప్టెన్ నన్ను అడిగాడు.

"వచ్చాయి."

"జాకెట్టు?"

అది ఆయన ఒంటి మీదే ఉంది. బయట చలిగాలి వీస్తోంది. గేటు దాకా ఉంచుకోనిమ్మని నేను అన్నాను.

"క్లబ్బుది" అన్నాడు కెప్టెన్.

ఆయన జిప్పు లాగి, విప్పి, నాకు ఇచ్చాడు. లోపల పాత బనీను. భుజాల మీది వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. డ్రైవరు బస్సు తాళాలు చేత పట్టుకుని గదిలోకి తొంగిచూశాడు. ఆయనను ఇంటి దగ్గర దించి వస్తానన్నాడు.

"బస్సు టీముది" అన్నాడు కెప్టెన్.

"ఇద్దరూ ఇద్దరే, పెద్దసార్. ఒక అచ్చుల పోసిన్రు" అని గొణుగుతూ డ్రైవరు తాళాలు జేబులో వేసుకున్నాడు.

రష్యా ఆయన సూట్‌కేసు లాక్కుంటూ గేటు దాకా వెళ్ళి ఆగాడు. లోపల ప్రాక్టీసు మొదలైంది. డిఫెండర్ల వరుస వెనక్కి జారిపోయి గోల్ ముందు గుంపుగా చేరింది. కెప్టెన్ ఇంకా కర్ర మీద గీత దాకా రాలేదు.

"లైన్!" అని గేటు దగ్గర్నుంచి అరుపు వినిపించింది. "పైకి!"

డిఫెండర్లందరూ ఒక్కసారిగా ముందుకు జరిగారు. వరుస సరిగ్గా నిలబడింది. ఎవరూ గేటు వైపు చూడలేదు.

కెప్టెన్ చూశాడు. చంకకర్ర ఎత్తి వాచ్‌మన్‌కు చూపించాడు. ఇనుప గేటు మూసేశారు. వరుస మళ్ళీ వెనక్కి జారింది.