చింట్జ్ కథ ఆగిన చోటు

యూనివర్సిటీలో మా ఇంగ్లీషు మాస్టారికి ఏ గుడ్డ కనబడినా అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దాని పేరు పుట్టుక చెప్పడం అలవాటు.

తార్నాకలో మేము అద్దెకున్న రెండు గదులకు ఒకసారి ఆయన్ని భోజనానికి పిలిచాను. ఊళ్లో మా దొరల గడీ పోయినా అతిథికి తక్కువ చేసే మనిషి కాదు మా అమ్మ. మంచం మీద నాయనమ్మ నాటి పూల అద్దకం దుప్పటి పరిచింది.

మాస్టారు దాని అంచు పట్టుకుని మురిసిపోయారు.

“దీన్ని ఇంగ్లీషులో చింట్జ్ అంటారమ్మా. మన హిందీలో ఛీంట్ అనే మాటే, చుక్కలని అర్థం. వాళ్ల రాణులు దీనికోసం పడి చచ్చినారు. తర్వాత మిల్లులొచ్చి నకిలీలు గుద్దితే, ఇప్పుడు చింట్జీ అంటే చౌకబారుదని!”

అమ్మ నిటారుగా నిలబడి వడ్డించింది. ఆమె చెవిలో చివరి మాటే మిగిలింది.

మరోసారి ఆయన వచ్చేసరికి మంచం మీద చాప ఉంది.

“దుప్పటి యాడమ్మా?”

“చౌకదంటిరి గద సారూ. పెట్టెల పెట్టిన.”

ఆయన ఎంత బతిమాలినా అమ్మ తీయలేదు. ఆమె పోయేదాకా అది పెట్టెలోనే ఉంది.

చాప చూసిన రోజు నుంచి క్లాసులో ఆయన చింట్జ్ మాట కథను రాణుల దగ్గరే ఆపేసేవారు. “తర్వాతేమైంది సార్?” అని ఎవరైనా అడిగితే, “ఏమీ కాలేదు నాయనా” అని సుద్దముక్క కింద పెట్టేవారు.