రూల్సు పుస్తకం ఓణీ కింద దాచిన రోజు

పోయిన వారం, తెలుగు నేలకి దూరంగా ఉన్న మా రైల్వే ఊళ్ళో, మలంచా రోడ్డులో మందులు కొనుక్కుని వస్తుంటే, అక్కడి చిన్న లైబ్రరీ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఖర్చులు భరించలేక నెలాఖరుకి మూసేస్తున్నారట. డెబ్బై దాటినదాన్ని, పుస్తకం పట్టుకుని చాలా కాలమే అయింది. అయినా ఆ నాలుగు వాక్యాలూ నిలబడి రెండుసార్లు చదివాను.

అరవైల చివరి మాట. నాకు పధ్నాలుగేళ్ళు, తమ్ముడికి ఆరు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే మా నాన్న ఒకనాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నానికి గుండె ఆగి పోయాడు. తిరిగి వెళ్దామంటే శ్రీకాకుళం వైపు అమ్మకి పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. కర్మలైన కొద్దిరోజులకే ఇంగ్లీషులో టైపు చేసిన నోటీసు వచ్చింది. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుకి అర్థమైంది ఒక్కటే, నెలలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాలని. ఆఫీసుకి వెళ్తే గుమాస్తా తలెత్తకుండానే "రూల్ హై" అన్నాడు, రూలంతే అని. అప్పట్నించీ వీధిలో సైకిలు బెల్లు మోగినా అమ్మ ఉలిక్కిపడి తమ్ముణ్ణి దగ్గరికి లాక్కునేది. నేనైతే స్కూలు నుంచి వస్తూ మా వీధి మలుపు దగ్గర ఆగిపోయేదాన్ని, మా సామాన్లు బయట పడేసి ఉంటాయేమోనని గోడ చాటునుంచి తొంగి చూసేదాన్ని.

మా కాలనీలో రేకుల షెడ్డులో ఒక లైబ్రరీ ఉండేది. దాన్ని చూసుకునే పెద్దాయనని పిల్లలందరం మావయ్య అనేవాళ్ళం. ఆయనది విశాఖ వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆ ఏడు ఖర్చులు తగ్గించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ముందు ఫ్యాన్లు ఆపారు, తర్వాత పత్రికలు మానేశారు, చివరికి మొత్తం మూసి బీరువాలకి సీలు వేస్తామన్నారు. గుమాస్తా చెప్పిన ఆ రూల్ ఏమిటో ఆయన్ని అడగాలని నాకు తోచేసరికి, సీలు వెయ్యడానికి ఒక్క రోజే మిగిలింది.

ఆ సాయంత్రం నేను పట్టుకెళ్ళిన నోటీసు చూసి మావయ్య, "ఏటమ్మా, ఇన్నాళ్ళూ నాతో ఎందుకు సెప్పనేదు?" అన్నారు.

రైల్వే రూల్సు పుస్తకాలన్నీ బల్లమీద వేసుకుని ఇద్దరం వెతికాం. వెలుతురు తగ్గుతున్నకొద్దీ నేను పేజీలు గబగబా తిప్పాను. చివరికి ఆయన వేలు ఒకచోట ఆగింది. ఉద్యోగంలో ఉండగా పోయినవాడి కుటుంబం అర్జీ పెట్టుకుంటే ఇంకా కొన్ని నెలలు క్వార్టరులో ఉండవచ్చు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం అడగవచ్చు. ఆయన కిటికీలు వెయ్యడానికి లేవగానే ఆ పుస్తకం ఓణీ కింద దాచేశాను. లెక్కలో ఒక్క పుస్తకం తగ్గినా నింద ఆయన మీదే పడుతుందని తెలుసు. తెలిసే చేశాను.

గుమ్మం దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. కోప్పడలేదు.

"పుస్తకం ఎత్తుకెల్తే నిన్ను దొంగంటారు, మీయమ్మ అర్జీ సూడరు. కూకో, రాసిస్తాను."

ఆ మసక వెలుతుర్లోనే, నేను తిరిగిచ్చిన పుస్తకంలోంచి రూలు మొత్తం, పేజీ నంబరుతో సహా, గుండ్రటి అక్షరాలతో కాగితం మీదికి ఎక్కించి, కింద లైబ్రరీ ముద్ర కొట్టారు. అమ్మ పేరున అర్జీ కూడా ఆయనే రాశారు.

మర్నాడు అమ్మా నేనూ ఆఫీసుకి వెళ్ళాం. అర్జీ, రూలు రాసిన కాగితం బల్లమీద పెట్టాను. గుమాస్తా తీసుకుని చదివి, లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. పోలీసుల్ని పిలుస్తున్నాడేమో అని అమ్మ నా చెవిలో అంది. చివరికి వచ్చి, "ఠీక్ హై, బైఠియే" అంటూ కుర్చీ చూపించాడు. మమ్మల్ని ఖాళీ చేయించలేదు. కొన్నాళ్ళకి అమ్మకి ఆసుపత్రిలో ఆయా పని దొరికింది.

అర్జీ తీసుకున్నారని మావయ్యకి చెబుదామని, ఆఫీసుకి వెళ్ళొచ్చిన ఆ మధ్యాహ్నమే పరుగెత్తాను. అప్పటికే లైబ్రరీకి తాళం పడింది. ఆ వారంలోనే మావయ్య అన్నగారి ఊరికి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు రూల్సన్నీ ఫోనులోనే ఉంటాయి, లైబ్రరీ ఎందుకంటాడు మా మనవడు. ఉంటాయి కాబోలు. కానీ ఆనాడు ఏ మాట పెట్టి వెతకాలో కూడా నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా భయం ఒక్కటే, అది చూసి ఏ బీరువా తెరవాలో తెలిసిన మనిషి ఒకరు అక్కడ ఉన్నారు.