మా ఆవుదూడ జాతకం

నా చిన్నప్పుడు పలాస చుట్టుపక్కల పల్లెల్లో కంప్యూటర్ చూసినవాళ్ళే తక్కువ. అలాంటిది మా వీధిలో ఒకటి ఉండేది. అది మా మావయ్యది. ఆయన టెక్కలిలో పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. విశాఖపట్నంలో ఏదో ఆఫీసువాళ్ళు పాతబడిందని వదిలించుకున్న కంప్యూటర్ని కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చుకున్నాడు. నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు, అంతే. బొమ్మల్లేవు, పాటల్లేవు. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని మా అత్తయ్య పాత చీర ఒకటి తెచ్చి దానికి కప్పేవాడు. ఆ చీర ఇంకా కట్టుకోవడానికి పనికొచ్చేదని అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

మావయ్యకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. అడక్కపోయినా చెప్పేవాడు. టెక్కలిలో రంగుల తెర కంప్యూటర్లు వచ్చాయని, వాటికి మౌస్ అని ఒకటి ఉంటుందని ఎవరో చెబితే మొహం చిట్లించాడు. "చెయ్యి మీటల మీద ఉండాల గానీ బల్ల మీద పాకితే పనేటవుతాది?" అన్నాడు. ఇక పేపరు చదవడం ఒక పెద్ద తంతు. అరుగు మీద కూర్చుని వీధంతా వినేలా చదివేవాడు. ప్రతి వార్త దగ్గరా ఆగి, "ఇది ఎవుడు సూసి రాసినాడు?" అని గాల్లోకి అడిగేవాడు. తుఫాను ముప్పు తప్పిందని అచ్చయిన రోజే మా పెరట్లో కొబ్బరిచెట్లు ఒంగి లేస్తుంటే, ఆ పేపరునే నెత్తిన పెట్టుకుని ఆవును కట్టెయ్యడానికి వానలో పరుగెత్తాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న మాట ఆ రోజుల్లో ఎక్కడ చూసినా వినబడేది. వాటితోపాటు రైళ్ళు, కరెంటు, చివరికి సూర్యుడు కూడా ఆగిపోతాడేమోనని బెంగపడినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. మావయ్య తేలిగ్గా కొట్టిపారేశాడు. సంవత్సరం అంకెలు నాలుగూ రాయడానికి బద్ధకించి ఎవడో రెండుతో సరిపెట్టాడని, ఆ బద్ధకం మనిషిదే తప్ప మిషనుది కాదని ఆయన వాదన. నాకు ఇవన్నీ సరదాగా ఉండేవే తప్ప బుర్రకెక్కేవి కావు. నా లెక్కలో కంప్యూటర్ అంటే తప్పు చెప్పనిది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నా జడ వేసేది ఆవిడే, నన్ను జీడితోటలకు తిప్పేదీ ఆవిడే. ఆవిడకు సోంపేట దగ్గర మేనత్త ఉంది. ఆ మేనత్త కొడుకుతో అక్క పెళ్ళి అని ఇద్దరూ ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ అందరూ అనుకున్నదే. అనుకోవడం అటుంచి, వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో నాకు బాగా తెలుసు. బావ వస్తున్నాడంటే చాలు, అక్క నా జడ సగంలో వదిలేసి లోపలికి పారిపోయేది. ఆ వేసవిలోనే పెళ్ళి చెయ్యాలని వాళ్ళ తాత ముచ్చటపడ్డాడు. కొడుకు కూతురు, కూతురు కొడుకు. ఇద్దరూ ఆయన మనవలే.

మేనరికానికి జాతకాలు చూడడం మా వైపు లేదు. ఇంటి పిల్ల, ఇంటి పిల్లాడు, ఇంకేం చూస్తారు? కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే పలాస స్టేషన్ ఎదురుగా కంప్యూటర్ జాతకాల దుకాణం వెలిసింది. తాతకు కొత్త వస్తువు కనబడితే కాళ్ళు నిలవవు. కొబ్బరికాయలు దింపి వస్తూ, ఊరికే ముచ్చటకి, ఇద్దరి వివరాలూ అక్కడ చెప్పి కాగితం తెచ్చుకున్నాడు. పొంతన లేదని, ఏడాది తిరక్కుండా వరుడికి గండమని అందులో అచ్చయి ఉంది.

తాత ఆ కాగితం పట్టుకుని అరుగు మీద కూలబడిపోయాడు. మనవడి ప్రాణం మాట. మనిషి చెబితే కాదనొచ్చు, కంప్యూటర్ చెప్పిందాన్ని ఎలా కాదనడం? పెళ్ళి వద్దన్నాడు. సోంపేటలో ఆయన కూతురు అలిగి కూర్చుంది. బావ రావడం మానేశాడు. అక్క ఏడవలేదు, పోట్లాడలేదు. నా జడ మాత్రం మొదటినుంచి చివరిదాకా వేసింది. దానికంటే ఏడ్చినా బాగుండునని నాకు అనిపించింది.

నేను తిన్నగా మావయ్య దగ్గరికి పోయాను. మీ కంప్యూటర్ చేత పొంతన కుదిరిందని చెప్పించమని అడిగాను. మావయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చీర తీసి, ఏవో నాలుగు మీటలు నొక్కాడు. తెర మీద అక్క పేరు, బావ పేరు, వాటి కింద పొంతన దివ్యంగా ఉందని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పచ్చగా వెలిగాయి. నేను చప్పట్లు కొట్టాను. అచ్చు తీయమని గోల చేశాను. ఆయన ఇంకో మీట నొక్కాడు. తెర మళ్ళీ నల్లగా అయిపోయింది.

"ఇంత సుళువు గుంటా. ఇయ్యాల నీకు నచ్చింది రాసినాను. రేపు ఇంకోడు అడిగితే ఆడికి నచ్చింది రాస్తాను. తాత ఈ కంప్యూటర్ పెట్టి సెప్పిందని నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని నానే ఇంకాస్త పెంచీసినోడినవుతాను. అప్పుడు మీ అక్కకేటి మేలు సేసినట్టు?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మేలు కనబడుతూనే ఉంది కదా, పెళ్ళవుతుంది! మావయ్య నవ్వి, ఆదివారం నాతో పలాస రా అన్నాడు.

ఆ దుకాణంలో కూర్చున్న కుర్రాడు మర్యాదస్తుడు. చేతులు తుడుచుకుని మరీ మీటలు ముట్టుకునేవాడు. మావయ్య చాలా బుద్ధిగా వివరాలు చెప్పాడు. పేరు గౌరి. ఆడ. పుట్టింది మా ఊళ్ళోనే. పుట్టిన తేదీ, తెల్లవారుజామున ఏ వేళో కూడా ఆయనకు బాగా గుర్తు, పురుడు దగ్గర ఉన్నది ఆయనే కాబట్టి. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. గౌరి ఎవరో ఆ కుర్రాడూ అడగలేదు, ఆ మిషనూ అడగలేదు. ప్రింటరు కీచుమంటూ బారెడు కాగితం కక్కింది. నేను నవ్వు ఆపుకోలేక దుకాణం బయటికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం తాత వాళ్ళ వాకిట్లో ఎండబోసిన జీడిపిక్కలు ఎత్తుతున్నారు. తాత, మామ్మ, అక్క, ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు. మావయ్య అరుగు మీద కూర్చుని, పేపరు చదివినట్టే ఆ కాగితం పైకి చదివాడు. అమ్మాయి మృదుస్వభావి. ఉన్నత విద్య, ఆపైన ప్రభుత్వోద్యోగం. తీపి అంటే ఇష్టం. అత్తవారింట మొదట్లో చిన్న చిన్న చికాకులున్నా, మామగారి అభిమానం పొందుతుంది. ఇద్దరు మగపిల్లలు. తాత పిక్కలెత్తడం ఆపి చెవులు రిక్కించాడు.

"ఎవరి పిల్ల మేస్టారూ? అంత జాతకం నానెక్కడా ఇన్నేదు. మన సిన్నోడికి అడుగుదుమా?" అన్నాడు. చిన్నోడంటే ఆయన ఆఖరి కొడుకు. సంబంధాలు కుదరక ఇంట్లో తిరుగుతున్నాడు.

"అడగొచ్చు తాతా. దూరం కూడా కాదు. మా పాకలో కట్టీసి ఉన్నాది. గడ్డి మేత్తన్నాది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నేను మాత్రం తాత మొహం వంకే చూశాను, ఆయన కోపంలో లేచి వెళ్ళిపోతే అక్క సంగతి అంతే కదా అని. ముందు నవ్వింది మామ్మ. ఆ తరువాత చిన్నోడు. చివరికి తాత. భుజం మీది తువ్వాలు పిక్కల్లో పడిపోయేంతగా నవ్వాడాయన. కళ్ళు తుడుచుకుంటూ, "ఓర్నాయనో, దూడకి గవర్నమెంటు ఉజ్జోగమా!" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు.

నవ్వులు సద్దుమణిగాక మావయ్య మెల్లగా అడిగాడు. మనవరాలిది ఏ తేదీ చెప్పావు తాతా, అని. బళ్ళో రాసింది చెప్పానన్నాడు తాత. మామ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఓలమ్మో! అది బడి మేస్టారు రాసుకున్న తేదీ కాదేటి? కోడలికి నొప్పులొచ్చింది జీడితోటలో, ఎండల్లో పిక్కలేరతంటే. బళ్ళో సూత్తే నాట్లేసీ నెల ఏసినాడు!"

మా ఊళ్ళో పుట్టినరోజులు రాసిపెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. బళ్ళో చేర్చుకునేటప్పుడు వయసు సరిపోయేలా మాస్టారే ఒక తేదీ వేసేవారు. బడి లెక్క ప్రకారం మా వీధి పిల్లల్లో సగంమందిమి ఒకే రోజు పుట్టాం. మనవడి తేదీ కూడా అలాంటిదేనని తాత ఒప్పుకున్నాడు. అయితే సరైన తేదీలు కనుక్కుని ఇంకోసారి అడిగొద్దామా అని నసిగాడు. ముందు ఆ దూడకి సంబంధం చూడమంది మామ్మ. ఆ మాటకు, ఎన్నో రోజుల తరువాత, అక్క పకపకా నవ్వింది. తాత ఆ నవ్వు వంక చూస్తూ ఉండిపోయి, ఆ గండం కాగితం తెప్పించి పొయ్యిలో పెట్టించాడు. మర్నాడు పనసకాయ భుజాన వేసుకుని సోంపేట బస్సెక్కాడు, కూతురి అలక తీర్చడానికి.

పెళ్ళి ఆ వేసవిలోనే అయింది. బావకు గండాలేవీ రాలేదు, అక్క చేతి కారం తప్ప. ఇప్పుడు వాళ్ళ పిల్లలే పెద్దవాళ్ళయ్యారు.

మావయ్య ఆ మీట నొక్కి తెర ఎందుకు చెరిపాడో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. చేదు మాట వస్తే ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తారు. నాకు తియ్యటి మాట వచ్చినప్పుడు కూడా అడగడం నేర్పాలని ఆయన చూశాడు. అది మహా కష్టం, ఇప్పటికీ. మొన్న మా పిల్లలు ఫోను తెచ్చి చూపించారు, రోజూ నాలుగు జీడిపప్పులు తింటే తెల్లజుట్టు నల్లబడుతుందట. నా నెత్తి చూసుకుంటే దాన్ని నమ్మాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. అయినా అడిగాను, ఇది ఎవరు చూసి రాశారని. ఎంత వెతికినా పిల్లలకు ఎవరూ దొరకలేదు. మా పిల్లలిద్దరూ అప్పటినుంచి ఫోనులో ఏది కనబడినా, వాళ్ళకు ఎంత నచ్చినా, ఒక్క క్షణం ఆగి నా వైపు చూసి నవ్వుతున్నారు. జీడిపప్పులు మాత్రం ముగ్గురం కలిసి తినేశాం.